ఎరుకల కాంభోజి – హంగేరీ పాఠం

మన సంగీత సభల్లో, సంగీత పాఠ్యపుస్తకాల పీఠికల్లో ఒక మాట తరచుగా వినబడుతుంది. శాస్త్రీయ సంగీతం సామగానం నుంచి పుట్టిందట. ఋషుల నోటా గంధర్వుల వీణ మీదా పెరిగి, చివరికి వాగ్గేయకారుల చేతికి వచ్చిందట. పల్లెపాట మాత్రం ఆ మహానది పక్కన ఎక్కడో మిగిలిపోయిన నీటిగుంటట. ఈ వంశవృక్షంలో దంపుళ్ల దగ్గర పాడిన ఆడమనిషికి గాని, పడవ లాగిన మనిషికి గాని, సోదె చెప్పిన ఎరుకల స్త్రీకి గాని చోటు లేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఒక్కటే. శాస్త్రీయ సంగీతం పల్లెపాట దగ్గర చేసిన అప్పు చిన్నది కాదు. అప్పు చేయడంలో తప్పు లేదు. ఏ దేశంలోనైనా అలాగే జరిగింది. తప్పంతా పద్దు చెరిపివేయడంలో వుంది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో హంగేరీ దేశంలో ఇద్దరు సంగీతకారులు అటువంటి పద్దునే మళ్లీ రాశారు. వాళ్లు చేసిన పనిని ముందు అర్థం చేసుకుంటే మన లెక్క ఎక్కడ తప్పిందో తేలిగ్గా తెలుస్తుంది.

హంగేరీలో జరిగిందేమిటి?

పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ శ్రోతలకు ‘హంగేరియన్ సంగీతం’ అంటే ఒక స్థిరమైన అభిప్రాయం వుండేది. ఫ్రాంజ్ లిస్ట్ రాసిన హంగేరియన్ రాప్సొడీలు, బ్రామ్స్ రాసిన హంగేరియన్ నృత్యాలు – ఇవే ఆ దేశపు జానపద సంగీతానికి నమూనాలని నమ్మేవారు. లిస్ట్ 1859లో ఒక పుస్తకం ప్రకటించి, ఈ సంగీతమంతా జిప్సీలదేనని సిద్ధాంతం కూడా చేశాడు. నిజానికి ఆ రచనల్లో వున్నవి పట్నపు హోటళ్లలోనూ, భూస్వాముల విందుల్లోనూ జిప్సీ వాద్యబృందాలు వాయించే బాణీలు. వాటిలో చాలావాటిని కట్టినవారు చదువుకున్న మధ్యతరగతి పాటగాళ్లు. సైన్యంలోకి యువకుల్ని చేర్చుకునే సందర్భంలో ఆడే ‘వెర్బుంకోష్’ నృత్యం నుంచి వచ్చినవి మరికొన్ని. జిప్సీ కళాకారులు వాటిని అద్భుతంగా వాయించిన మాట వాస్తవమే. కాని ఆ దేశపు రైతు పొలంలో, పెళ్లిలో, చావులో పాడుకునే పాట అందులో దాదాపు లేదు. జాతి పేరిట చెలామణి అయినది ఒక వర్గపు వినోదం.

బేలా బార్తోక్ (1881–1945) కూడా మొదట ఆ భ్రమలోనే వున్నాడు. 1848 నాటి స్వాతంత్ర్య నాయకుడు కొషూత్ పేరిట 1903లో అతడు రాసిన పెద్ద వాద్యరచన దేశభక్తితో నిండివుంటుంది. దాని సంగీత భాష మాత్రం లిస్ట్‌దీ, జర్మనీకి చెందిన రిచర్డ్ స్ట్రాస్‌దీ. 1904లో ఒక పల్లెలో బస చేసినప్పుడు, ట్రాన్సిల్వేనియా నుంచి వచ్చిన లిడి డోషా అనే పనిపిల్ల పాడుకుంటూ వుండగా విన్నాడు. అటువంటి పాట అతడు పట్నంలో ఎన్నడూ వినలేదు. అక్కడినుంచి అతని దారి మారింది. మరుసటి సంవత్సరం జోల్తాన్ కోదాయ్ (1882–1967)తో స్నేహం కలిసింది. కోదాయ్ సంగీతకారుడే కాక భాషాశాస్త్రం చదివినవాడు. హంగేరియన్ పల్లెపాట చరణ నిర్మాణం మీద 1906లో సిద్ధాంత వ్యాసం రాశాడు. అదే సంవత్సరం ఇద్దరూ కలిసి ఇరవై పల్లెపాటలను పియానో తోడుతో ఒక చిన్న పుస్తకంగా వేశారు.

వాళ్లు ఎడిసన్ ఫోనోగ్రాఫును, మైనపు గొట్టాలను మోసుకుంటూ వూరూరా తిరిగారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి వుంది. ప్రతి పాటకూ పాడినవారి పేరు, వయసు, వూరు, తేదీ రాసుకున్నారు. ‘జానపదులు’ అనే ముఖం లేని గుంపు పాడినట్టు కాక, ఫలానా వూరిలో ఫలానా మనిషి పాడినట్టు రాశారు. పద్దు రాయడమంటే ఇది.

ఆ పాటల్లో వాళ్లకు ఏం దొరికింది? పాత తరహా పాటల్లో స్వరాలు అయిదే. షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం – మన లెక్కలో శుద్ధ ధన్యాసి మెట్లు. అంతమాత్రాన అది శుద్ధ ధన్యాసి అయిపోదు. గమకం వేరు, నడక వేరు. మెట్లు మాత్రమే కలిశాయి. పాట పైస్థాయిలో మొదలై కిందికి దిగుతుంది. చాలా పాటల్లో మొదటి రెండు పాదాల బాణీనే అయిదు మెట్లు కిందికి దించి తరువాతి రెండు పాదాలకు పాడతారు. లయలోనూ రెండు రకాలు కనిపించాయి. ఒకటి మాట నడకను అనుసరించి సాగుతూ ఆగుతూ పోయేది. రెండవది అడుగు తప్పని నాట్యపు లయ.

ఇది యూరప్ సంగీత వ్యాకరణాన్నే కదిలించింది. ఆ సంగీతంలో బాణీకి తోడుగా కింద మరికొన్ని స్వరాలను ఒకేసారి పలికిస్తారు; దాన్ని హార్మొనీ అంటారు. ఏ స్వరకూటమి తరువాత ఏది రావాలో రెండు శతాబ్దాలుగా గట్టి నియమాలు పాతుకుపోయాయి. ముఖ్యంగా షడ్జమానికి అరమెట్టు కింద వుండే కాకలి నిషాదం పైకెక్కి షడ్జమంలో కలిస్తేనే పాట ముగిసినట్టు. హంగేరీ రైతు పాటలో ఆ అరమెట్టే లేదు. నియమం అమలు చేయడానికి అక్కడ చోటు లేదు. పైగా ఆ పాటలో నిషాదం కూడా గాంధార పంచమాలతో సమానంగా స్థిరంగా నిలుస్తుంది. అందువల్ల అంతకుముందు అపస్వరంగా లెక్కించిన కూటములు బార్తోక్ చేతిలో విశ్రాంతి స్థానాలయ్యాయి. చదువురాని రైతు పాట సంగీత విద్యాలయాల నియమాన్ని సడలించిందన్న మాట.

మూడు మెట్లు

పల్లెపాట రచయిత చేతిలో పడినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్నకు బార్తోక్ 1931లో రాసిన ఒక వ్యాసంలో మూడు మార్గాలు చెప్పాడు. ఈ విభజన మనకు చాలా ఉపయోగపడుతుంది.

మొదటి మార్గంలో పాటను వున్నది వున్నట్టు తీసుకుని దానికి తోడు సమకూరుస్తారు. బార్తోక్ పియానోకు కట్టిన పదిహేను హంగేరియన్ రైతుపాటలు ఇటువంటివి. ఇందులో కొన్నిసార్లు పాటే ప్రధానం, రచయిత చేసింది చట్రం మాత్రమే. కొన్నిసార్లు పాట మకుటంలా నిలిచి, దాని చుట్టూ అల్లిక పెరుగుతుంది. రెండవ మార్గంలో పాటను తీసుకోరు. ఆ తరహాలో సొంతంగా బాణీ కడతారు. 1908లో అతడు ట్రాన్సిల్వేనియా సాయంకాలం మీద రాసిన చిన్న పియానో రచనలో బాణీలు అతనివే. వింటే పల్లె నుంచి తెచ్చినట్టు వుంటాయి. మూడవ మార్గంలో పల్లెబాణీ గాని, దాని అనుకరణ గాని కనిపించదు. కాని రచన మొత్తం ఆ పాట గాలిలోనే పెరిగినట్టు వుంటుంది. తంత్రీ వాద్యాలకూ తాళవాద్యాలకూ 1936లో అతడు రాసిన పెద్ద రచన ఇటువంటిది. ఈ మూడో మెట్టు ఎక్కాలంటే రచయితకు పల్లెపాట మాతృభాషలా రావాలని బార్తోక్ అభిప్రాయం. పుస్తకంలో చూసి నేర్చుకుంటే రాదు; పాడేవాళ్ల మధ్య బతకాలి.

లయ విషయంలో బార్తోక్ దేశపు ఎల్లలు కూడా దాటాడు. బల్గేరియా రైతుల నృత్యాల్లో అయిదు, ఏడు, తొమ్మిది మాత్రల నడకలున్నాయి. రెండూ, మూడూ, నాలుగూ లెక్కలకు అలవాటుపడిన పశ్చిమ యూరప్ చెవికి అవి కుంటినడకల్లా వినిపించాయి. పిల్లల నుంచి పెద్దల దాకా పియానో నేర్చుకునేవారికోసం రాసిన ‘మిక్రోకోస్మోస్’ అనే 153 రచనల సంపుటాల చివర అతడు ఈ లయల్లో ఆరు నృత్యాలు రాశాడు. ఖండచాపు, మిశ్రచాపు తెలిసిన తెలుగు శ్రోతకు ఇవి వింత అనిపించవు. పక్కవూరి చుట్టాల్లా వుంటాయి.

ఇంకొక మాట చెప్పకుండా హంగేరీ ప్రస్తావన ముగించకూడదు. బార్తోక్ హంగేరియన్ పాటలతో ఆగలేదు. స్లోవాక్, రుమేనియన్ రైతుల పాటలూ, 1913లో అల్జీరియాలో అరబ్బుల పాటలూ, 1936లో తుర్కీ పాటలూ సేకరించాడు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత దేశం ముక్కలైన రోజుల్లో, రుమేనియన్ పాటల మీద వ్యాసం రాసినందుకు 1920లో అతణ్ణి దేశద్రోహిగా చిత్రించారు. అతడు వెనుదిరగలేదు. రుమేనియన్ పల్లెల పాట ఆధారంగానే 1930లో ‘కాంటాటా ప్రొఫానా’ రాశాడు. జాత్యహంకారం యూరప్‌ను కమ్ముకున్నప్పుడు 1940లో దేశం విడిచి అమెరికా వెళ్లాడు. పాటలు ఒక జాతినుంచి ఇంకొక జాతికి పోతూ వస్తూ వుండడంవల్లనే సంపన్నమవుతాయనీ, స్వచ్ఛత పేరుతో గోడలు కడితే ఎండిపోతాయనీ 1942లో రాశాడు. పల్లెపాటను పొగిడే ప్రతివాడూ ప్రజల పక్షం కాదు. పాటను జెండాకర్ర చేసుకునేవారూ వున్నారు. బార్తోక్ ఆ కోవలోకి చేరలేదు.

వరస, రాగం

ఇప్పుడు మన సంగతి చూద్దాం. మన సంగీతంలో హార్మొనీ లేదు. కాబట్టి పల్లెపాట ప్రభావాన్ని స్వరకూటముల్లో వెతికితే దొరకదు. రాగంలో, తాళంలో, రచన కట్టుబడిలో వెతకాలి.

విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో పాట పాడేవాళ్లను ‘ఇది ఏ రాగం?’ అని అడిగితే నాకు నవ్వే సమాధానంగా దొరికేది. ‘ఇది ఏ వరస?’ అని అడిగితే వెంటనే జవాబు వచ్చేది – ఫలానా పాట వరస. వరస అంటే ఒక కట్టుబడి: నాలుగయిదు స్వరాలు, ఒక నడక, ఊపిరి తీసుకునే చోట్లు. ఒక వరసలో పది పాటలు పాడతారు. వరసకు ఆలాపన లేదు. మాట లేకుండా అది నిలబడదు. రాగం అలా కాదు. రాగమంటే మాటనుంచి, పనినుంచి, సందర్భంనుంచి విడదీసిన వరస. దాని ముఖ్యమైన పలుకుబడులను ఏరి, గమకం చేర్చి, పైకీ కిందికీ పెంచితే రాగం అవుతుంది. సంగీత విద్యార్థి మొదటి రోజున నేర్చుకునేవాటిని ఈనాటికీ ‘సరళీ వరసలు’ అనే అంటున్నాం. మాట ఒకటే, పల్లెలోది, పాఠశాలలోది.

అన్ని రాగాలూ పల్లె వరసల నుంచే వచ్చాయని నేను అనడం లేదు. లెక్కల మీద, మేళకర్త పట్టికల మీద పుట్టిన రాగాలు చాలా వున్నాయి. కాని కొన్ని రాగాల ఒంటిమీద పుట్టుమచ్చలున్నాయి. నాదనామక్రియ, పున్నాగవరాళి, కురంజి, నవరోజు తీసుకోండి. ఇవి తారషడ్జమాన్ని అందుకోవు. నాదనామక్రియ, పున్నాగవరాళి నిషాదంతో ఆగిపోతాయి. కురంజి ధైవతం దగ్గర, నవరోజు పంచమం దగ్గర ఆగిపోతాయి. శాస్త్రకారులు వీటికి నిషాదాంత్య, ధైవతాంత్య, పంచమాంత్య రాగాలని పేర్లు పెట్టి వర్గీకరించారు. ఇవి ఇలా ఎందుకున్నాయి? గొంతు సాధన చేయని పదిమంది కలిసి పాడాలంటే బాణీ ఒక స్థాయి దాటకూడదు. పసిపిల్లను వూపుతూ పాడే తల్లి తారస్థాయికి పోదు. పోతే బిడ్డ లేస్తుంది. ఈ రాగాల్లో గంటసేపు ఆలాపన చేయబోయిన విద్వాంసుడికి దారి మూసుకుపోతుంది. ఆ మూసుకుపోయిన దారే వాటి పుట్టుకకు సాక్ష్యం అని నేననుకుంటున్నాను. ఆనందభైరవికి జానపద మూలం వున్నదని సంగీతజ్ఞులు చాలామంది ఒప్పుకున్నదే. నీలాంబరిని ఈనాటికీ జోలపాట నుంచి విడదీయలేం.

తాళంలోనూ ఇంతే. శాస్త్రగ్రంథాల సప్తతాళాల చట్రానికి బయట, వాడుకలో బలంగా నిలిచినవి చాపుతాళాలు. మూడూ నాలుగూ కలిసిన మిశ్రచాపు, రెండూ మూడూ కలిసిన ఖండచాపు పల్లెపాటల్లో సర్వసాధారణం. శ్రమకూ లయకూ వున్న సంబంధం గురించి జర్మన్ పండితుడు కార్ల్ బ్యూషర్ 1896లోనే ఒక గ్రంథం రాశాడు. మనకు అంత దూరం పోనక్కరలేదు. దంపుడు పాట చాలు. ఇద్దరు ఆడవాళ్లు ఒక రోట్లో వంతులవారీగా రోకలి వేస్తుంటే ఎత్తే వేళ వేరు, పడే వేళ వేరు. పడేటప్పుడు ఊపిరి బయటికి పోతుంది. ‘సువ్వి’ అనే వూతపదం ఆ ఊపిరి చప్పుడే. గురజాడ అప్పారావు 1910లో ప్రకటించిన ముత్యాల సరాల నడక కూడా మూడూ నాలుగూ మాత్రల నడకే. పండితులకు కొత్త ఛందస్సుగా కనిపించినది పల్లెచెవికి కొత్త కాదు.

రచన కట్టుబడికి త్యాగరాజు (1767–1847) మంచి ఉదాహరణ. అతని పెద్ద కృతులు సంగతుల మీద నడుస్తాయి. ఒకే పాదాన్ని పది రకాలుగా విస్తరిస్తూ గాయకుడి విద్యను పరీక్షిస్తాయి. దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు వేరే పద్ధతి. చరణాలన్నిటికీ బాణీ ఒక్కటే. ఒకరు అందిస్తే పదిమంది అందుకుంటారు. మేలుకొలుపు, లాలి, వూయెల, హారతి – సందర్భాలన్నీ ఇంటి ఆడవాళ్ల పాటలవి. పైన చెప్పిన చిన్న రాగాలు ఇక్కడ తరచుగా కనిపిస్తాయి. బార్తోక్ చెప్పిన రెండో మెట్టు ఇది. బాణీ త్యాగరాజుది, తరహా పల్లెది. కచేరీ నిపుణులు వీటిని ‘తేలిక రచనలు’గా చివర్లో పాడి ముగిస్తారు. కాని జనం నోట ఎక్కువగా నిలిచినవి ఇవే.

పేరు మారిన రాగం

పద్దు చెరిపివేత అన్నాను కదా. దానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. ముత్తుస్వామి దీక్షితుల వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురం నుంచి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే మహాగ్రంథాన్ని తెలుగు లిపిలో ప్రచురించాడు. అందులో ఒక రాగం పేరు ‘ఎరుకల కాంభోజి’. ఇదే రాగాన్ని ఈనాడు మనం ‘యదుకుల కాంభోజి’ అంటున్నాం. ఎరుకలవాళ్ల పాటల నుంచి వచ్చిన కాంభోజి కాబట్టి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతూ వచ్చారు. సోదె చెబుతూ, బుట్టలల్లుతూ వూరూరా తిరిగిన ఆ జనానికి పాట బతుకుతెరువులో భాగం. యక్షగానాల్లో ఎరుకలసాని పాత్ర ఎంత ప్రసిద్ధమో అందరికీ తెలుసు. వ్యవహారంలో ‘ఎరుకల’ పోయి ‘యదుకుల’ నిలిచింది. మూడక్షరాల మార్పుతో రాగం గుడిసె నుంచి శ్రీకృష్ణుడి ఇంటికి మకాం మార్చింది. ఎవరో కుట్ర చేశారని కాదు. సమాజంలో ఏ పేరుకు గౌరవం వుంటే నాలుక అటే తిరుగుతుంది. కుట్ర లేకుండానే దోపిడీ జరుగుతుందన్నది మనకు కొత్త విషయం కాదు.

దీని పక్కన ఇంకొక సంగతి పెట్టి చూడండి. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) చెన్నపట్నంలో ఇంగ్లీషు బ్యాండువాళ్లు వాయించే బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టాడు. వాటిని ‘నొట్టుస్వరాలు’ అంటారు. ఇంగ్లీషువాళ్ల ‘నోటు’ ఆ పేరులో ఈనాటికీ భద్రంగా వుంది. దొరల బాణీ తీసుకుంటే దొరల పేరు నిలిచింది. ఎరుకలవాళ్ల బాణీ తీసుకుంటే ఎరుకల పేరు కరిగిపోయింది. సంగీతం అందరి దగ్గరా అప్పు చేసింది. రసీదు మాత్రం కొందరికే ఇచ్చింది.

మాట మిగిలింది, బాణీ పోయింది

మన చరిత్రలో పల్లెపాటను గౌరవించినవాళ్లు లేకపోలేదు. పాల్కురికి సోమనాథుడు పదమూడో శతాబ్దంలోనే పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు, నివాళి పదాలు అంటూ జనం పాటల రకాలను పేర్కొన్నాడు. అన్నమాచార్యుడు (1408–1503) సువ్వి, గొబ్బి, లాలి, జోల, ఏల, జాజర, చందమామ పదాలను సంకీర్తనలోకి తెచ్చాడు. రాగిరేకుల మీద వేల సంఖ్యలో ఆ సంకీర్తనలు దొరికాయి. రేకుల మీద సాహిత్యం వుంది, రాగం పేరు వుంది; స్వరం లేదు. అన్నమయ్య దంపుడు పాటను ఏ వరసలో పాడాడో చెప్పేందుకు ఏ ఆధారమూ మిగలలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఆ రేకులను వెలుగులోకి తెచ్చారు. రాళ్లపల్లి వారు, ఆ తరువాత విశాఖపట్నంలో స్థిరపడి 2014లో ఇక్కడే కన్నుమూసిన నేదునూరి కృష్ణమూర్తి గారు, మరి కొందరు వాటికి బాణీలు కట్టారు. వాళ్ల శ్రమ లేకపోతే మనం ఒక్క సంకీర్తన కూడా వినలేకపోయేవాళ్లం. అయినా ఈనాడు కచేరీలో సువ్వి పదం వింటున్నప్పుడు మనం వింటున్నది పల్లె మాటను, ఇరవయ్యో శతాబ్దపు శాస్త్రీయ బాణీలో. ఈ తేడా తెలిసి వినాలి.

ఆధునిక పరిశోధకుల దగ్గర కూడా ఎక్కువగా ఇదే జరిగింది. బిరుదురాజు రామరాజు గారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వచ్చింది. ఆ రంగానికి అది పునాది. పేరులోనే వుంది – గేయ సాహిత్యం. మన సేకర్తలు ప్రధానంగా సాహిత్యవేత్తలు. మాటను పట్టుకున్నారు. బాణీని స్వరపరచి అచ్చువేసినవి తక్కువ. బార్తోక్, కోదాయ్‌లు సంగీతకారులు కాబట్టి బాణీని పట్టుకున్నారు. కోదాయ్ భాష తెలిసినవాడు కాబట్టి మాటను కూడా వదలలేదు. మన దగ్గర ఈ రెండు విద్యలూ ఒక బల్ల దగ్గర కూచోలేదు.

విశాఖ నుంచి చూస్తే

మా ఉత్తరాంధ్రలో ఈ కథ మరీ స్పష్టంగా కనిపిస్తుంది. బార్తోక్ కంటే ముందే గిడుగు రామమూర్తి పంతులు గారు (1863–1940) పర్లాకిమిడిలో వుండి, సవరల భాష నేర్చుకుని, వాళ్ల పాటలూ కథలూ రాసుకున్నారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం వెలువడింది. మైనపు గొట్టం లేదు; చెవే యంత్రం. కాని ఆయన వెంట ఒక కోదాయ్ లేడు.

1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు, తరువాత అధ్యక్షులయ్యారు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు. తెలుగు సంగీతానికి ఆ సంస్థ చేసిన మేలు అందరూ ఒప్పుకున్నదే. ఆ కళాశాలకు నాలుగు దిక్కులా వున్న పల్లెల్లో జముకుల కథ, తప్పెటగుళ్లు, ఏజెన్సీలో థింసా పాటలు సాగుతూ వుండేవి. జముకు – జమిడిక అని కూడా అంటారు – ఎంత చిన్న వాద్యమో! గుండ్రని డొల్లకు ఒకవైపు చర్మం, చర్మం మధ్యనుంచి ఒక నరపు తీగె. తీగెను చేత్తో బిగలాగుతూ మీటితే స్వరం జారుతూ పైకెక్కి దిగుతుంది. గమకమంటే ఏమిటో పిల్లవాడికి చూపించాలంటే వీణకంటే ముందు జమిడిక చూపించవచ్చు. కాని మన సంగీత విద్యాలయాల చదువు ప్రధానంగా గాత్రం, వీణ, వయొలిన్, మృదంగాల చుట్టూనే తిరిగింది. జమిడిక గేటు బయట నిలబడింది.

దాన్ని లోపలికి పిలిచినది సంగీత శాస్త్రం కాదు, ప్రజా ఉద్యమం. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను, షేక్ నాజర్ గొంతును రాష్ట్రమంతా వినిపించింది. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను కొత్త కథకు వాడి, 1969లో ప్రాణాలు అర్పించాడు. పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చి విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు (1943–2020) పాటను బార్తోక్ కొలబద్దతో చూడండి. అతడు పాత వరసను అరువు తెచ్చుకుని మాట మార్చిన రచయిత కాడు. ఉత్తరాంధ్ర నుడికారమూ, నాటు నడకా, యంత్రపు చప్పుడూ అతని నోట ఒకే భాషగా మాట్లాడతాయి. పల్లెపాట అతనికి నేర్చుకున్న విద్య కాదు, మాతృభాష. మూడో మెట్టు అంటే ఇదే.

ఈ సందర్భంలో మన వైపు కూడా ఒక మాట అనుకోవాలి. మన ఉద్యమ పాటల్లో చాలావాటికి పల్లె వరస ఒక ఎడ్లబండి మాత్రమే. సరుకు మనది, బండి వాళ్లది. సరుకు దించిన తరువాత బండి ఎవరిదో అడగం. జనానికి తెలిసిన వరస కాబట్టి సులభంగా చేరుతుందంటాం. నిజమే. కాని ఆ వరసకు కూడా ఒక కర్త, ఒక వూరు, ఒక పని వున్నాయి. రాగానికి యదుకులమని పేరు పెట్టినవాళ్లను విమర్శించే మనం, వరస పక్కన ఆ వూరి పేరు కూడా రాయకపోతే మన విమర్శకు బలం వుండదు.

ఇక కాలం తొందరపెడుతోంది. విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. బరువులెత్తే కూలీలు శ్రీకాకుళం పల్లెల నుంచి తమ పాటలతో వచ్చారు. 1966 ఆందోళన తరువాత ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. దానికోసం ఎన్నో గ్రామాలు లేచిపోయాయి. భూమికి నష్టపరిహారం లెక్క కట్టారు. ఆ గ్రామాల నాట్ల పాటలకు, వలపాటలకు లెక్క కట్టే పద్దు ఏ ఆఫీసులోనూ లేదు. క్రేన్ వచ్చాక బరువెత్తే పాట ఆగిపోయింది. రైసుమిల్లు వచ్చాక దంపుడు పాట ఆగిపోయింది. ఇందుకు కన్నీళ్లు పెట్టుకోనక్కరలేదు. ఆడవాళ్ల చేతికి మళ్లీ రోకలి ఇవ్వాలనేవాడు ప్రజల పక్షం కాదు. శ్రమ బరువు పోవాలి. ఆ బరువు కింద మనిషి సృష్టించుకున్న కళ మాత్రం పోకూడదు.

కోదాయ్ చేసిన రెండో పని ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. పిల్లవాడికి సంగీతంలో మాతృభాష పల్లెపాటేనని అతని నమ్మకం. 1950లో అతని స్వస్థలం కెచ్‌కెమెట్‌లో ఆ పద్ధతిన నడిచే ప్రాథమిక పాఠశాల మొదలైంది. తరువాత ఆ పద్ధతి చాలా దేశాలకు పాకింది. మన పిల్లలు మాయామాళవగౌళలో సరళీ వరసలతో మొదలుపెట్టి పిళ్లారి గీతాలకు పోతారు. వాటిని తీసేయమని నేననను. వాటికి ముందు ఒక గొబ్బిపాట, ఒక జాజర పాట నేర్పితే ఏ శాస్త్రమూ మైలపడదు. నాదనామక్రియ నేర్పేటప్పుడు దాని పల్లె చుట్టాన్ని కూడా పరిచయం చేస్తే రాగం ఇంకా బాగా అర్థమవుతుంది.

చేయవలసిన పని పెద్దదే గాని కష్టమైనది కాదు. బార్తోక్ మోసిన ఫోనోగ్రాఫుకంటే మంచి యంత్రం ఈనాడు ప్రతి కూలీ జేబులోనూ వుంది. పాట వినబడినచోట బాణీతో సహా పట్టుకోవాలి. పాడినవారు ఒప్పుకుంటే వారి పేరు, వూరు, తేదీ, ఏ పనిలో పాడతారో రాయాలి. సాహిత్యం తెలిసినవాళ్లు, స్వరం తెలిసినవాళ్లు కలిసి కూచోవాలి; ఆ పని సంఘాలు చేయగలవు. పాట అప్పుగా తీసుకున్న ప్రతి రచయితా, ప్రతి విద్వాంసుడూ ఎవరి దగ్గర తీసుకున్నాడో చెప్పడం మర్యాదగా మారాలి. అంతవరకూ చేయగలిగిన చిన్న పని ఒకటుంది. ఈసారి కచేరీలో యదుకుల కాంభోజి మొదలైనప్పుడు, పక్కన కూచున్నవారికి దాని పాత పేరు చెప్పండి.